జ్వరం దాచుకోని కేర్‌టేకర్ కావాలంటే: మహమ్మారి రోజుల్లో వృద్ధాశ్రమాలకు, ఇళ్లకు పనికొచ్చే వివరాలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లోనే కాదు, కరీంనగర్, జగిత్యాల వైపు కూడా పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, పెద్దవాళ్లు ఆశ్రమంలోనో, సొంతింట్లో కేర్‌టేకర్ చేతుల్లోనో ఉండటం ఇప్పుడు మామూలే. స్నానం చేయించేది, డైపర్ మార్చేది, అర్ధరాత్రి లేచి నీళ్లు తాగించేది ఎక్కువగా నర్సంపేట, పరకాల, ములుగు వైపు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు. 2020 మార్చిలో కరోనా పనిలో ఉన్న ఆరోగ్య సిబ్బందికి కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించినప్పుడు ఆశా వర్కర్లు అందులో ఉన్నారు. ప్రైవేటు ఆశ్రమాల ఆయాలు, ఇళ్లలో పనిచేసే కేర్‌టేకర్ల ఊసు అందులో లేదు. మళ్లీ అట్లాంటి రోజులొస్తే వీళ్లను చూసుకోవాల్సిన బరువు ఆశ్రమం నడిపేవాళ్ల మీద, పెట్టుకున్న కుటుంబాల మీదే పడుతుంది. అందుకు ఏమేం సిద్ధం చేసుకోవాలో ఇక్కడ చెప్తున్నాం.

ముందు జీతం సంగతి

మాస్కులు, శానిటైజర్ కొనడం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది: జ్వరమొచ్చి ఇంట్లో ఉంటే జీతం ఇస్తారా, ఇవ్వరా? చూడటానికి వచ్చే చుట్టాలను ఆపేశాక ఆశ్రమంలోకి వైరస్ వచ్చేది పనికి వచ్చిపోయే మనుషులతోనే. వాళ్లు ఒళ్లు నొప్పులతోనే డ్యూటీకి వచ్చారంటే కారణం నిర్లక్ష్యం కాదు, ఆ రోజు కూలి పోతుందన్న భయం. 2020లో ఇంగ్లండ్‌లో ఆశ్రమాల మీద జరిగిన వివాల్డి అధ్యయనంలో, జబ్బు సెలవుకు జీతం ఇచ్చే చోట్ల పెద్దవాళ్లకు సోకడం తక్కువని, ఏజెన్సీ మనుషులను తరచూ వాడే చోట్ల ఎక్కువని తేలింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌ల్యాండ్ నర్సింగ్ హోమ్‌లో జబ్బు అంటుకోవడానికి కారణాలు వెతికితే, లక్షణాలున్నా పనికి రావడం, ఒకే మనిషి రెండు మూడు చోట్ల పనిచేయడం కనిపించాయి. ఇంగ్లండ్ ప్రభుత్వం 2020 మేలో ఆశ్రమాల్లో జబ్బు పాకకుండా 60 కోట్ల పౌండ్లు పక్కన పెట్టింది. సెలవులో ఉన్న సిబ్బందికి పూర్తి జీతం ఇవ్వడం, ఒకరు ఒకేచోట పనిచేసేలా చూడటం అందులో ముఖ్యమైన ఖర్చులు. మనకు అట్లాంటి నిధి లేదు కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

24 మంది పెద్దవాళ్లు, 9 మంది కేర్‌టేకర్లు ఉన్న ఆశ్రమం అనుకుందాం. నెల జీతం 15,000 అయితే రోజుకు 500. ఏడు రోజుల సెలవుకు 3,500. ఒకేసారి ముగ్గురు జబ్బు పడతారని లెక్కేస్తే 10,500. వాళ్ల బదులు వచ్చేవాళ్లకు రోజుకు 700 చొప్పున ముగ్గురికి ఏడు రోజులకు 14,700. రెండూ కలిపి 25,200. అంటే ఒక్కో పెద్ద మనిషి కుటుంబం మీద పడేది 1,050 రూపాయలు. జబ్బు ఊళ్లోకి రాకముందే ఈ పైసలు వసూలు చేసి వేరే ఖాతాలో పెట్టండి. కేసులు మొదలయ్యాక అడిగితే విదేశాల్లో ఉన్న పిల్లలు సరే అంటారు గానీ, డబ్బు చేతికొచ్చేసరికి నెల దాటుతుంది.

ఈ మాట నోటితో చెప్తే చాలదు. వంటింటి గోడకు తెలుగులో పెద్ద అక్షరాలతో అతికించండి: ‘జ్వరం, గొంతు నొప్పి, దగ్గు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, వాసన తెలియకపోవడం, వీటిలో ఏది ఉన్నా రావద్దు. ఫోన్ చెయ్యండి. జీతం కట్ కాదు.’ మొదటి మూడు రోజులకు డాక్టర్ చీటీ అడగకండి. చీటీ కోసం జ్వరంతో షేర్ ఆటో ఎక్కి, క్లినిక్‌లో గంట కూర్చుని, ఫీజు కట్టడం కన్నా గోలీ వేసుకుని డ్యూటీకి రావడమే ఆమెకు సులువు. సెలవు రోజులను వారాంతపు సెలవులో సర్దేయడం ఇంకో పొరపాటు. ఒక్కరికి అట్లా చేశారంటే సాయంత్రానికల్లా తొమ్మిది మందికీ తెలుస్తుంది, ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు. ఒకరిద్దరు దొంగ సెలవు పెడతారు. పెట్టనివ్వండి. ఆ 500తో పోలిస్తే ఒక పెద్దాయన ఐసీయూలో ఉండే ఒక్క రోజు బిల్లు ఎంతో మీకే తెలుసు.

గేటు కాడ

టెంపరేచర్ గన్ మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. మే నెల ఎండలో బండి మీద వచ్చిన మనిషి నుదురు చూస్తే ఎక్కువ చూపిస్తుంది. పొద్దున పారాసెటమాల్ వేసుకుని వచ్చిన మనిషికి మామూలుగానే చూపిస్తుంది. పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టి చూడాలి. అంతకన్నా పనికొచ్చేది నాలుగు ప్రశ్నలు. రాత్రి ఎట్లా పడుకున్నరు? గొంతు, ఒళ్లు ఎట్లుంది? ఏమన్నా గోలీ వేసుకున్నరా? ఇంట్లో ఎవరికన్నా బాగలేదా? వాచ్‌మన్ అందరి ముందు అడిగితే ‘ఏం లేదు సార్’ అనే జవాబే వస్తుంది. కేర్‌టేకర్లు అక్కా అని పిలిచే సూపర్‌వైజర్ పక్కకు తీసుకెళ్లి అడగాలి. ఉందని చెప్పిన మనిషిని అక్కడి నుంచే ఇంటికి పంపాలి, వెళ్లే ఆటో కిరాయి కూడా ఇవ్వాలి.

డ్యూటీలు ఎట్లా వేయాలి

తొమ్మిది మందిని మూడు జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఎనిమిది మంది పెద్దవాళ్లను అప్పగించండి. మేడ మీది జట్టు కిందికి రాకూడదు, కింది జట్టు మీదికి పోకూడదు. ఒక జట్టులో ఒకరికి సోకితే పరీక్షలు, సెలవులు ఆ జట్టు వరకే. అందరూ అందరినీ చూసుకునే పద్ధతిలో ఒక్క కేసు వస్తే మొత్తం సిబ్బంది ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. వంటమనిషి, రాత్రి డ్యూటీవాళ్లే ఈ గీత దాటేది. రాత్రికి ఒకరినే పెట్టి మూడు చోట్లా తిప్పారంటే పగలంతా పాటించిన జాగ్రత్త వృథా. తప్పనిసరై అట్లా చేస్తే ఆ మనిషికి మాత్రం తప్పకుండా ఎన్95 ఇవ్వాలి.

కొందరు పగలు ఆశ్రమంలో, రాత్రి ఎవరింట్లోనో ఇంకో డ్యూటీ చేస్తారు. రెండోది మానేయమని చెప్తే, ఆ రెండో జీతంలో పోయేదాన్ని కొంతైనా పూడ్చాలి. ఉట్టిగా మానమంటే మానరు, మీకు చెప్పకుండా చేస్తారు.

బస్సులు ఆగిపోతే ఎవరు ఎట్లా వస్తారో ముందే రాసుకోండి. తెలంగాణలో 2021 మే 12 నుంచి లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట్లో పొద్దున 6 నుంచి 10 వరకే సడలింపు ఉండేది. అట్లాంటప్పుడు డ్యూటీ మారే టైము 8 గంటలకు పెడితే దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఇద్దరూ పోలీసు చెకింగ్ తలనొప్పి లేకుండా ఇల్లు చేరతారు. ఫోటో, పేరు, పని వేళలు, ఆశ్రమం ఫోన్ నంబరు ఉన్న ఉత్తరం లెటర్‌హెడ్ మీద అందరికీ ఇవ్వండి. నెలవారీగా ఒకే ఆటో మాట్లాడుకుంటే మేలు. పక్క పరదాలు కట్టేసి ఉంచాలి, ముగ్గురికి మించి ఎక్కించొద్దు.

కొన్నాళ్లు ఆశ్రమంలోనే ఉండిపొమ్మని అడగాల్సి వస్తే 14 రోజులకు మించి అడగకండి. ఒప్పుకోని మనిషిని బెదిరించకండి. చంటిపిల్లలున్నవాళ్లను అసలు అడగొద్దు. ఉన్నవాళ్లకు పెద్దవాళ్ల వార్డు వరండాలో చాప వేస్తే సరిపోదు. వేరే గది, ఎవరి మంచం వాళ్లకు, తలుపు గడియ పడే బాత్‌రూం, ఫోన్ చార్జింగ్ ప్లగ్గు, ఎనిమిది గంటలు ఎవరూ లేపని నిద్ర కావాలి. కిరాయి ఇంటి ఓనరు ‘రోగాల కాడ పనిచేస్తున్నవ్, ఇల్లు ఖాళీ చెయ్’ అన్న సందర్భాలు పోయినసారి బాగానే ఉన్నాయి. అట్లాంటప్పుడు మేనేజరే ఆ ఓనరుతో మాట్లాడాలి. కుదరకపోతే లాక్‌డౌన్‌లో ఖాళీగా ఉండే ఫంక్షన్ హాల్ గదులు తక్కువకే దొరుకుతాయి.

బతుకమ్మ, దసరా, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఈ రోజుల్లో సెలవు ఇవ్వనంటే చెప్పకుండా పోతారు, అదీ అందరూ ఒకేసారి. నెల ముందే కూర్చుని సగం మంది ముందు, సగం మంది తర్వాత అని తేల్చుకోండి. జాతర నుంచి వచ్చినవాళ్లకు అయిదు రోజులు మాస్కు తీయని పని, అంటే బట్టలు, వార్డు ఊడ్చి తుడవడం లాంటివి ఇవ్వండి. అన్నం తినిపించే పని ఇవ్వకండి.

సద్ది తినే కాడ

సిబ్బందిలో ఒకరి నుంచి ఒకరికి ఎక్కువగా పాకేది వార్డులో కాదు, మాస్కులు తీసే చోట. మధ్యాహ్నం ఒంటిగంటకు స్టోర్‌రూంలో కింద గుండ్రంగా కూర్చుంటారు. ఒకరి టిఫిన్‌లో పుంటికూర, ఇంకొకరి దాంట్లో కోడిగుడ్డు పొరటు. ఎవరి చెంచాతో వాళ్లు పక్కవాళ్ల గిన్నెలో కూర వేస్తారు. ముచ్చట్లు, నవ్వులు, ఒక్క ఫ్యాను, మూసిన కిటికీ. పన్నెండు గంటల డ్యూటీలో వాళ్లు మనుషుల్లా కూర్చునే సమయం ఆ అరగంటే. దాన్ని తీసేయకూడదు, చోటు మార్చాలి.

బయట చెట్టు కిందో, డాబా మీద షెడ్డులోనో జట్టుకో చోటు చూపించండి. ఒక జట్టుకు 12:30, ఇంకో జట్టుకు 1:00, మూడో జట్టుకు 1:30. కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీలు వేయండి. మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాలు ఉండేలా నేల మీద సున్నంతో గుర్తు పెట్టండి. గుర్తు లేకపోతే మూడో రోజుకల్లా మళ్లీ దగ్గరికి జరుగుతారు. కూర పంచుకోవడం మానరు, మానమనొద్దు. తినకముందే, శుభ్రమైన గరిటెతో, మాస్కు ఉండగానే పంచుకుని అప్పుడు ఎవరి చోటుకు వాళ్లు పోతే చాలు. వానాకాలంలో వరండా వాడండి. గది తప్పకపోతే ఎదురెదురు కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, ఒకసారికి ఇద్దరే.

చాయ్ సంగతీ ఇంతే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్ని ఇళ్లల్లో కేర్‌టేకర్‌కు వేరే గ్లాసు, వేరే ప్లేటు పెట్టి దానికి జబ్బు పేరు చెప్తారు. సబ్బుతో కడిగిన గ్లాసుతో జబ్బు రాదు, అది పాత అలవాటుకు కొత్త సాకు.

కూలర్ గురించి కూడా తెలుసుకోవాలి. కిటికీలో బిగించి బయటి గాలిని లోపలికి తెచ్చే కూలర్ మంచిదే, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉంచితే చాలు. గది మధ్యలో పెట్టిన కూలర్, తలుపులు మూసి వేసిన ఏసీ, రెండూ లోపలి గాలినే తిప్పుతాయి.

ఎండలో కిట్టు

జబ్బు లేని పెద్దవాళ్ల దగ్గర రోజంతా పూర్తి పీపీఈ కిట్టు వేయించడం శిక్షే తప్ప రక్షణ కాదు. మామూలు పనికి మంచి మాస్కు, డైపర్ మార్చేటప్పుడు గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రాన్ సరిపోతాయి. గ్లవ్స్ మనిషి మారినప్పుడల్లా మార్చాలి. ఒకే జత మీద శానిటైజర్ రాసుకుంటూ ఎనిమిది మందిని చూస్తే గ్లవ్స్ వేసుకున్నా లాభం లేదు.

జబ్బు సోకిన మనిషి గదిలోకి కిట్టుతో పోవాల్సి వస్తే, పనులన్నీ ఒకేసారి పెట్టుకుని 45 నిమిషాల్లో బయటికి వచ్చేలా చూడండి. మందులు, అన్నం, డైపర్, పక్క తిప్పడం, ఆక్సీమీటర్ రీడింగ్, అన్నీ ఆ ఒక్క విడతలోనే. వేసుకునేటప్పుడు కన్నా తీసేటప్పుడే అంటుకునే ప్రమాదం ఎక్కువ. ముందు గ్లవ్స్, తర్వాత గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి తీయడం, చేతులు కడగడం, ఫేస్‌షీల్డ్, చివరికి గది బయట మాస్కు, మళ్లీ చేతులు. ఈ వరుసను బొమ్మలతో తలుపు కాడ అతికించండి. మొదటి వారం ఒకరు తీస్తుంటే ఇంకొకరు నిలబడి చూడాలి.

బయటికి రాగానే ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకుని తాగితే ఉప్పు శాతం పెరుగుతుంది. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, కవరు మీద చూసి కలపండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్‌ను సమంగా గీసి కొలవాలి.

ఎన్95కు చెవుల తాళ్ల కన్నా తల వెనక్కి పోయే రెండు పట్టీలు ఉన్నది బాగా అతుకుతుంది. వేసుకుని గట్టిగా ఊదితే అంచుల నుంచి గాలి తగలకూడదు. గడ్డం ఉంటే అతకదు. ఉతికినా, శానిటైజర్ కొట్టినా దాని వడపోత శక్తి పోతుంది. కొరత ఉంటే ఒక్కొక్కరికి అయిదు మాస్కులిచ్చి, రోజుకొకటి వాడి, పేరు రాసిన కాగితపు కవర్లో అయిదు రోజులు ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమటతో ముక్కిపోతుంది. ఒక్కోటి అయిదుసార్లకు మించి వద్దు. తడిసినా, పట్టీ వదులైనా అప్పుడే పడేయాలి.

మాస్కు వేసుకున్న ముఖాన్ని మతిమరుపు ఉన్న అవ్వలు, తాతలు గుర్తుపట్టక భయపడతారు, చేయి విదిలిస్తారు. ఏప్రాన్ మీద నవ్వుతున్న పెద్ద ఫోటో అంటిస్తే, పేరు చెప్పి ఎదురుగా నిలబడి మాట్లాడితే పని సులువవుతుంది.

హైపో కలపడం

బజార్లో దొరికే 5 శాతం హైపోక్లోరైట్ (క్రిములను చంపే ద్రావణం, వాడుకలో హైపో)తో, నేల, మంచాలు, తలుపు గడియలు తుడవడానికి లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. అది 0.1 శాతం. నెత్తురు, వాంతులు, మలం పడ్డ చోట మాత్రం 100 మిల్లీలీటర్ల హైపోకు 900 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి, అది 0.5 శాతం. ముందు కాగితంతో ఎత్తేసి, తర్వాత పోసి, పది నిమిషాలు ఆగి తుడవాలి. చల్లటి నీళ్లే వాడాలి. రోజూ తాజాగా కలపాలి, నిన్నటిదాంట్లో బలం ఉండదు. వాసన ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందని ఎక్కువ పోయడం అందరూ చేసే తప్పు. దానివల్ల ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకూ, తుడిచే ఆయాకూ దగ్గు పట్టుకుంటుంది. టాయిలెట్ క్లీనర్‌లో ఆమ్లం ఉంటుంది, హైపోతో కలిస్తే విషవాయువు వస్తుంది. ఒకే బకెట్లో రెండూ వాడొద్దని ఆయాలకు కొనేరోజే చెప్పాలి. మనుషుల మీద హైపో కొట్టొద్దు, ఆక్సీమీటర్, ఫోన్ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

జబ్బు పడిన కేర్‌టేకర్‌ను ఇంట్లో ఎట్లా చూడాలి

ఇంటికి పంపేటప్పుడే చేతికి ఒక సంచి ఇవ్వండి: థర్మామీటర్, ఆక్సీమీటర్, పారాసెటమాల్ 650 ఒక స్ట్రిప్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మాస్కులు, పదికిలోల బియ్యం, కిలో పప్పు, లీటరు నూనె, గుడ్లు. వంట చేసి పెట్టే మనిషే పడుకుంటే ఇల్లు ఎట్లా నడుస్తుందన్న దిగులే సగం మందిని లేపి పనికి పంపుతుంది.

పొద్దున, సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేసి జ్వరం, ఆక్సిజన్ రెండు అంకెలు రాసుకోవాలి. ఆక్సీమీటర్ పెట్టే ముందు అయిదు నిమిషాలు కూర్చోవాలి. గోళ్ల రంగు, గోరింటాకు లేని వేలుకు పెట్టాలి, చేయి చల్లగా ఉంటే రుద్దుకుని పెట్టాలి. 94 కన్నా తగ్గితే డాక్టర్‌కు చూపించాలి. 90 కన్నా తగ్గితే, మాట తడబడితే, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో పోవాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ ఇస్తానంటే వద్దనమని ముందే చెప్పి పంపండి. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు అది మేలు చేయదు, షుగర్ పెంచుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో చాలామందికి షుగర్, స్టెరాయిడ్ రెండూ ఉన్నాయి.

సెలవు ఎన్ని రోజులన్నది ఆ రోజున ప్రభుత్వం చెప్పే లెక్క ప్రకారం. 2022 జనవరి మార్గదర్శకాల్లో పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం ఏడు రోజులు, అందులో చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు. తిరిగి వచ్చిన మొదటి వారం నైట్ డ్యూటీ, మనుషులను ఎత్తే పని పెట్టకండి. మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషికి బరువు ఎత్తే పని ఇస్తే నడుం పట్టుకుని మళ్లీ నెల సెలవు.

మనుషులు తగ్గినప్పుడు ఏ పనులు మానొచ్చో మేనేజర్ నోటితో చెప్పాలి. లేకపోతే ఉన్నవాళ్లు అన్నీ చేయబోయి కుప్పకూలుతారు. అన్నం, నీళ్లు, మందులు, డైపర్, మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్క తిప్పడం, ఇవి ఆగకూడదు. బట్టల ఇస్త్రీ, రోజూ తలస్నానం, అల్మారాలు సర్దడం ఆగొచ్చు.

చూసుకున్న అవ్వ చనిపోతే ఆ కేర్‌టేకర్‌కు మర్నాడు సెలవివ్వండి. అదే మంచంలోకి వెంటనే కొత్త మనిషిని తెచ్చి ఆమెకే అప్పగించకండి. నిద్ర పట్టక, చిన్నదానికే పెద్దవాళ్ల మీద అరుస్తుంటే తిట్టేముందు డ్యూటీ మార్చండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

పిల్లల ఫోన్లు

డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అంటే వేసవిలో ఇక్కడ పొద్దున ఏడు. సరిగ్గా స్నానాలు, టిఫిన్ల వేళ. కొడుకు వీడియో కాల్ చేసి అమ్మను చూపించమంటాడు. కేర్‌టేకర్ తడి చేతులతో సొంత ఫోన్ పట్టుకుని నిలబడుతుంది, పక్క మంచంలో ఇంకొకరు పిలుస్తుంటారు. ఆశ్రమం తరఫున ఒక ఫోన్ పెట్టి, సాయంత్రం 6:30 నుంచి 7:30 వరకు కాల్స్ అని రాసి పంపండి. అప్పుడు వాళ్లకు పొద్దున ఎనిమిది, తొమ్మిది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు రాత్రి ఎనిమిది తర్వాత కుదురుతుంది. కేర్‌టేకర్ల సొంత నంబర్లు ఎవరికీ ఇవ్వకండి.

ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు

ఏజెన్సీ ద్వారా వచ్చిన కేర్‌టేకర్ జబ్బు పడితే జీతం ఎవరిస్తారో ఒప్పందంలోనే రాయించండి. చాలా ఏజెన్సీలు రాని రోజుకు ఆమెకూ ఇవ్వవు, మీ దగ్గరా తీసుకోవు. సగం మీరు, సగం ఏజెన్సీ అంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ‘రెండు నెలలు ఇంటికి పోవద్దు’ అని షరతు పెట్టినవాళ్లు వారానికో రోజు పూర్తి విశ్రాంతి, ఆ రోజు పెద్దవాళ్లను చూసుకునే ఇంకో మనిషి ఏర్పాటు కూడా చేయాలి. బీపీ, షుగర్ మందులు, డైపర్లు నెలకు సరిపడా తెచ్చి పెడితే ఆమె మెడికల్ షాపు చుట్టూ తిరిగే పని తప్పుతుంది. తోబుట్టువుల్లో ఒకరే ఆమెతో మాట్లాడాలి. నలుగురు నాలుగు రకాలుగా చెప్తే ఆమె ఎవరి మాటా వినదు.

కాగితాలు

2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు మొదటి వంతు ఆరోగ్య సిబ్బందిది. నియామక పత్రం లేని ఆయా తాను ఆశ్రమంలో పనిచేస్తున్నట్టు చూపించుకోలేదు. గుర్తింపు కార్డు లేని వృద్ధాశ్రమవాసులకు టీకా వేసే పద్ధతిని కేంద్రం 2021 మే 6న ప్రకటించింది గానీ, సిబ్బందికి కావాల్సింది ఆశ్రమం ఇచ్చే కాగితమే. అందుకే ఈ రోజే అందరికీ నియామక పత్రం, జీతం బ్యాంకు ఖాతాలో వేయడం.

పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులుంటే ఈఎస్ఐ వర్తిస్తుందేమో చూసుకోండి. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్ల నుంచి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే, అర్హత ఉన్నవాళ్లకు జబ్బు సెలవులో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. ఈఎస్ఐ లేనివాళ్లను అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌లో నమోదు చేయించండి. 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఉంటే మీసేవలోనో కామన్ సర్వీస్ సెంటర్‌లోనో చేస్తారు. జీవనజ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్లవాళ్లకు, ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు. సురక్షా బీమా 20 రూపాయలే గానీ అది ప్రమాదాలకు మాత్రమే, జబ్బుతో పోతే రాదు. ఈ రెండింటినీ కలిపేసుకుని ఇరవై రూపాయలది కట్టి ఊరుకునేవాళ్లు చాలామంది. ప్రీమియం ఆశ్రమమే కట్టాలి. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది కాబట్టి ఏప్రిల్ జీతంతో పాటే ఆ 436 వేయండి. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే పాసుబుక్‌లోనూ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.